ప్రభుత్వం పక్షాన నూకరత్నం

"ప్రభుత్వ ఆస్తి నుంచి వెలువడు ప్రతి మాటయూ ప్రభుత్వపు మాటగానే పరిగణించబడును."

ఈ వాక్యాన్ని రచించినవారు మా సహాయ సంచాలకులు శ్రీ కులశేఖర్ గారు. టైపు చేసినవాణ్ణి నేను. మాది విభిన్న ప్రతిభావంతులకు ఉపకరణాలు పంచిపెట్టే జిల్లా విభాగం. ఈ వాక్యం పుట్టకముందు మేము మూడు చక్రాల బళ్ళు, ఊతకర్రలు, చెవి మిషన్లు పంచాం. వాటిలో ఏ ఒక్కటీ నోరెత్తి ఎరగదు. ఊతకర్ర విరిగితే విరిగిందేగాని విభాగాన్ని పల్లెత్తు మాట అనలేదు. అలాంటి ప్రశాంతమైన కార్యాలయానికి, మనిషి తలలో అనుకున్నదాన్ని పైకి పలికే యంత్రం వచ్చిపడింది.

ప్రయోగాత్మకంగా జిల్లాకు ఒకటే ఇచ్చారు. ఎవరికివ్వాలని వాకబు చేస్తే ఊరంతా ఒకే పేరు చెప్పింది. పెంటకోట నూకరత్నం.

నూకరత్నం బస్సు కండక్టరు. ఆమె రూట్లో తిరిగినవాళ్ళెవరూ ఆమె గొంతు మర్చిపోలేదు. ఫుట్‌బోర్డు మీద వేలాడే కాలేజీ కుర్రాళ్ళని ఒక్క కేకతో సీట్లలో కూర్చోబెట్టేది. సీట్లు ఖాళీ లేకపోతే ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చునేవారు. ఒకనాడు డ్యూటీలో ఉండగానే, ఎవరికో టికెట్టు ఇవ్వబోతూ కుప్పకూలిపోయింది. మెదడు కింది భాగంలో రక్తనాళం మూసుకుపోయిందన్నారు డాక్టర్లు. ప్రాణం దక్కింది గాని కళ్ళు తప్ప మరేదీ కదలదు. లోపలి మనిషి మాత్రం చెక్కుచెదరలేదు. అన్నీ వింటుంది, అన్నీ తెలుస్తాయి, అన్నిటికీ జవాబు సిద్ధంగా ఉంటుంది. అది బయటికి రాదు. ఒకసారి రెప్ప వేస్తే అవును, రెండుసార్లు వేస్తే కాదు. అంత నోరున్న మనిషికి ఆ రెండు మాటలే మిగిలాయి.

ఆమె భర్త సన్నిబాబు బూరుగు దూది పరుపులు కుడతాడు. వరసకు మేనబావ. పెళ్ళయిన నాటి నుంచీ ఆ ఇంట్లో ఆమె మాట్లాడేది, అతను వినేవాడు. ఆమె మాట పడిపోయాక మాట్లాడే బాధ్యత అతని మీద పడింది. పాపం, అలవాటు లేదు. పొద్దున్నే మంచం పక్కన కూర్చుని "నూకీ, ఏటి?" అనేవాడు. ఆ తర్వాత ఏమనాలో తోచక ఆమె చెయ్యి పట్టుకుని కూర్చునేవాడు.

యంత్రాన్ని తయారుచేసిన సంస్థ నుంచి మృదుల అనే ఇంజనీరు వచ్చింది. నూకరత్నం తలకు ఒక టోపీ తొడిగింది. దాని లోపల నాణేల్లాంటి బిళ్ళలు, వాటికి జిగురు. ఎదురుగా ఒక తెర. తెర మీద అక్షరాలు ఒకదాని తర్వాత ఒకటి మెరుస్తాయి. తనకు కావలసిన అక్షరం మెరిసినప్పుడు మెదడు చిన్నగా ఉలిక్కిపడుతుందట. ఆ ఉలికిపాటును టోపీ పట్టుకుంటుంది. అలా అక్షరం పక్కన అక్షరం పేర్చి, వాక్యం పూర్తయ్యాక స్పీకరులోంచి చదువుతుంది.

"మనసులో తిరిగే ఆలోచనలన్నీ బయటపడిపోవండీ. ఆవిడ చెప్పాలనుకున్నదే వస్తుంది" అని మృదుల హామీ ఇచ్చింది. అప్పటిదాకా గుమ్మంలో నిలబడిన మా సారు ఆ హామీ విన్నాకే లోపలికి వచ్చి టోపీకి దగ్గరగా కూర్చున్నారు.

కొన్ని వారాలు సాధన చేయించింది మృదుల. ఒకరోజు మా సారు సమక్షంలో పరీక్ష పెట్టారు. వీధి వీధంతా కిటికీల దగ్గర మూగింది. అక్షరాలు మెరుస్తున్నాయి, ఆరుతున్నాయి. చివరికి స్పీకరు పలికింది.

"సన్నిబావా గెడ్డం గీసుకో. ఎలుగ్గొడ్డులాగున్నావు."

సన్నిబాబు రెండు చేతులతోనూ గెడ్డం పట్టుకుని భోరున ఏడ్చాడు. కిటికీల దగ్గర చప్పట్లు మోగాయి. పక్కింటి పైడమ్మ "మా నూకాలు తల్లి మల్లీ తిట్టేసిందిరో" అని చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

మా సారు మాత్రం గంభీరంగా ఉన్నారు.

"ఈ మాట ఎవరి పక్షాన వెలువడినట్టు?" అని అడిగారు.

"ఆవిడ పక్షానే కదండీ" అంది మృదుల.

"యంత్రం ఎవరిది?"

"మీ విభాగానిది."

"స్పీకరు?"

"అదీ మీదేనండీ."

"అట్టి పరిస్థితిలో ప్రభుత్వం ఒక పౌరుణ్ణి ఎలుగుబంటి అన్నట్టు కాలేదా? సదరు పౌరుడు రేపు కోర్టును ఆశ్రయిస్తే విభాగం ఏమని సమాధానం ఇచ్చుకుంటుంది?"

సదరు పౌరుడు అప్పటికే గెడ్డం గీసుకోవడానికి పెరట్లోకి వెళ్ళాడు.

మొదట చెప్పిన వాక్యం ఆ సాయంత్రమే పుట్టింది. దాన్ని అమలుచేసే పద్ధతి కూడా దాని వెంటే పుట్టింది. నూకరత్నం కూర్చిన వాక్యం ఇక నేరుగా స్పీకరుకు వెళ్ళదు. ముందు నా కంప్యూటరుకు వస్తుంది. నేను నా అభిప్రాయం జోడించి సారుకు పంపుతాను. సారు భాషను సంస్కరించి ఆమోదిస్తే, అప్పుడు యంత్రం పలుకుతుంది. పలికే ముందు "ప్రభుత్వం పక్షాన తెలియజేయడమేమనగా" అని తప్పనిసరిగా అంటుంది. ఇందుకోసం మాటల సెక్షన్ అని ఒకటి ఏర్పాటు చేసి, నన్ను ఇన్‌చార్జిగా వేశారు. సన్నిబాబు ఇంటి అరుగు మీద నాకు బల్ల, కుర్చీ వేశారు.

మృదుల వద్దంది. "ఇది మనిషి గొంతండీ, మైకు కాదు. గొంతుకి తాళం వేస్తారా?" అని వాదించింది. తాళం వేయడం ఒప్పందంలో ఉన్న సదుపాయమేనని సారు చూపించారు. ఆమె పళ్ళు కొరుక్కుంటూ తాళం బిగించింది.

మొదటి వాక్యం "దాగమేస్తంది నీల్లియ్యి". సారు ఆరోజు క్యాంపులో ఉన్నారు. ఆమె పెదవులు చూసి సన్నిబాబే చెంచాతో నీళ్ళు పట్టాడు. సాయంత్రం, ఆమె కునుకు తీస్తుండగా ఆమోదం వచ్చింది.

"ప్రభుత్వం పక్షాన తెలియజేయడమేమనగా, దాహముగా ఉన్నది. తగు చర్య నిమిత్తం."

ఆమె ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. గోడ అవతల నుంచి పైడమ్మ అంది: "గవుర్నమెంటుకే దాగమేసీసిందంటే ఇంక మా పంపుల్లోన నీల్లేటి వొస్తాయి!"

తర్వాతిది "ఈపు దురదెడతంది గోకు". దీని మీద సారు సందేహం వ్యక్తం చేశారు. "ప్రభుత్వానికి వీపు ఉన్నట్టు ఏ ఉత్తర్వులోనైనా ఉన్నదా? స్పష్టత ఇవ్వగలరు." నేను వెతికాను, దొరకలేదు. వాక్యం తిరస్కరించబడింది. దురద ఏమైందో నా దృష్టికి రాలేదు.

ఇక మూడోది సన్నిబాబు కోరి అడిగినది. పరుపు కుట్టడం మధ్యలో ఆపేసి వచ్చి, సిగ్గుపడుతూ ఆమెతో అన్నాడు. "నూకీ, ఊరికే ఒక్కపాలి బావా అని పిలు. ఇంకేటీ వొద్దు." ఆమె ఓపిగ్గా ఆ రెండక్షరాలూ కూర్చింది. నేను వెంటనే పంపాను. సారు ఆఫీసులోనే ఉన్నారు కాబట్టి ఆ రోజే తేలింది. ప్రభుత్వానికి బావలు, మరుదులు ఉండరని, అలాంటి బంధుత్వం బయటపడితే పక్షపాతం ఆరోపణలు వస్తాయని ఆయన భావించారు. సవరించి ఆమోదించారు.

"ప్రభుత్వం పక్షాన తెలియజేయడమేమనగా, భర్త గారికి."

సన్నిబాబు కాసేపు స్పీకరు వంక చూశాడు. మిగతాది ఏమైనా వస్తుందేమోనని ఎదురుచూశాడు. రాలేదు. "పర్నేదులే" అని మళ్ళీ దూది దగ్గరకు వెళ్ళిపోయాడు. నూకరత్నం కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆ తర్వాత ఆమె భర్తకు ఒక్క మాట కూడా పంపలేదు. అతను ఏదైనా పంపమంటే రెండుసార్లు రెప్పలు వేసేది.

ఈలోగా పై కార్యాలయం నుంచి తనిఖీ వచ్చింది. తనిఖీ అధికారి అన్నీ చూసి ఒక లోపం పట్టుకున్నారు. ప్రభుత్వ ప్రకటన అన్నాక ప్రజలందరికీ వినపడాలి కదా, నాలుగు గోడల మధ్య వినిపిస్తే పారదర్శకత ఎక్కడిది? వారం తిరక్కుండా సన్నిబాబు ఇంటి కప్పు మీద కొమ్ము మైకు వెలిసింది.

ఆ మైకులోంచి వచ్చిన మొదటి ప్రకటన నేను చెప్పకపోవడమే మర్యాద. మనిషన్నవాడికి రోజూ పొద్దున్న కలిగే అవసరం అది. ఆమె రెప్పలతో రహస్యంగా భర్తకు తెలియజేద్దామనుకుని, భర్త ఇంట్లో లేక, గత్యంతరం లేక నాకు పంపింది. సారు వెంటనే ఆమోదించారు, అత్యవసర సేవల కింద. వీధి చివర బడి ప్రార్థన దాకా వినిపించింది. పిల్లలు నవ్వారు. పైడమ్మ పరుగున వచ్చి తలుపు వేసి, చెయ్యవలసింది చేసి, బయటికి వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"గుమస్తా బాబూ, మీ ఇంట్లోన ఆడోల్లు లేరేటి?"

ఇది విభాగానికి సంబంధించిన ప్రశ్న కాదు కాబట్టి నేను సమాధానం ఇవ్వలేదు. ఆ రోజు మాత్రం నాకు అన్నం సహించలేదు.

నూకరత్నం యంత్రం వాడటం మానేసింది. మళ్ళీ ఒక రెప్ప, రెండు రెప్పలు. దాంతో కొత్త చిక్కు వచ్చింది. వాడని ఉపకరణాన్ని స్వాధీనం చేసుకోవాలని రూలు. అది తెలిసి మృదుల పట్నం నుంచి బస్సెక్కి వచ్చింది. మంచం పక్కన కూర్చుని "అమ్మా, పట్టుకుపోతారు. ఏదో ఒకటి పంపుతూ ఉండండి. నేను పైన ప్రయత్నం చేస్తున్నాను" అని బతిమాలింది. నూకరత్నం చాలాసేపు పైకప్పు చూసి, ఒకసారి రెప్ప వేసింది.

నేను కూడా నా వంతు సాయం చేశాను. ఆమె వాక్యాలు ఎందుకు తిరస్కరింపబడుతున్నాయో సావధానంగా వివరించాను.

"చూడమ్మా, ప్రభుత్వం ఎప్పుడూ 'నేను', 'నాకు' అనదు. 'ఇవ్వు', 'గోకు' అనదు. ఎవరు చేస్తారో చెప్పదు. చేయబడును అంటుంది, అంతే. ఇవ్వబడును, తీయబడును, పరిశీలించబడును. ఇలా రాస్తే సారు చదవకుండానే ఆమోదిస్తారు."

ఆమె నా వంక ఆసక్తిగా చూసింది. అంతకు ముందెన్నడూ ఆమె నన్ను ఆసక్తిగా చూడలేదు. తెర మీద అక్షరాలు మెరిశాయి. కొంతసేపటికి నా కంప్యూటరులో ఒక వాక్యం ప్రత్యక్షమైంది. "వీపు గోకబడును." నాకు ఆనందం కలిగింది. చాలామంది ఆఫీసులో పదేళ్ళు పనిచేసినా పట్టుబడని శైలి అది.

సరిగ్గా అప్పుడే మున్సిపల్ ఎన్నికలు ప్రకటించారు. నియమావళి అమల్లోకి వచ్చింది. ఊళ్ళో విగ్రహాలకు ముసుగులు వేశారు, శిలాఫలకాలకు కాగితాలు అంటించారు. ఇద్దరు మనుషులు తెల్ల గుడ్డ పట్టుకుని సన్నిబాబు ఇంటికీ వచ్చారు. టోపీ ముందు భాగంలో, సరిగ్గా నుదుటి మీద, పథకం ప్రారంభించిన పెద్దాయన బొమ్మ ఉంది. దాన్ని కప్పాలట. టోపీ మీద గుడ్డ తలపాగాలా చుట్టి, చివర గట్టిగా ముడి వేసి పోయారు.

"మా ఆవిడికి పాగా సుట్టీసినారేటి?" అన్నాడు సన్నిబాబు.

"ఎన్నికలయ్యాక విప్పుతాం."

"అలగైతే ఓటెయ్యడానికి పాగాతోనే ఎల్లాలేటి?"

ఆ విషయమై స్పష్టత లేదన్నారు వాళ్ళు.

నియమావళి ఉన్నన్నాళ్ళూ ప్రభుత్వం కొత్తగా ఏమీ ప్రకటించకూడదు. కాబట్టి నూకరత్నం ఏమీ మాట్లాడకూడదు. అయితే వాక్యాలు కూర్చి పంపడానికి అభ్యంతరం లేదు, ఆమోదానికే అభ్యంతరం. ఆమె తలపాగాతోనే పొద్దస్తమానం పంపుతూ ఉండేది. నేను వాటిని సారుకు చేరవేస్తూ ఉండేవాణ్ణి. అన్నీ చక్కటి ప్రభుత్వ శైలిలో ఉన్నాయి. నా శిక్షణ వృథా పోలేదని తృప్తిపడ్డాను. విషయం ఏమిటన్నది నేను పట్టించుకోలేదు. విషయం చూడటం సెక్షన్ పని కాదు.

ఎన్నికలు ముగిశాయి. పాగా విప్పారు. ఆ మర్నాడే జిల్లా కలెక్టరు రాజ్యశ్రీ గారు "పెండింగు లేని జిల్లా" అనే ఉద్యమం ప్రారంభించారు. సాయంత్రంలోగా ఏ బల్ల మీదా ఏదీ మిగలకూడదు. మా సారు కంప్యూటరు తెరిచి, నూకరత్నం వాక్యాల గుట్టను చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. మొదటి రెండు మూడు చూశారు. "బడును" తో ముగుస్తున్నాయి. తృప్తిగా తల పంకించారు. "అన్నీ ఆమోదించు" అన్న చోట నొక్కి, కాఫీకి వెళ్ళారు.

సన్నిబాబు ఇంటి కప్పు మీద కొమ్ము మైకు గరగరమంది.

"ప్రభుత్వం పక్షాన తెలియజేయడమేమనగా, ఈ వీధి కాలువలో పూడిక రేపు ఉదయం తీయబడును."

వీధిలో ఆడవాళ్ళు బిందెలు దించి తలలెత్తారు.

"ప్రభుత్వం పక్షాన తెలియజేయడమేమనగా, బడి దగ్గర వీధిదీపాలు వెలిగించబడును. ప్రభుత్వం పక్షాన తెలియజేయడమేమనగా, కాలేజీ బస్సు ఇకపై ఈ వీధి మొగలో ఆపబడును. ప్రభుత్వం పక్షాన తెలియజేయడమేమనగా, పైడమ్మ పంపు బాగుచేయబడును. ప్రభుత్వం పక్షాన తెలియజేయడమేమనగా, డిపో క్యాంటీనులో ఉప్మా మార్చబడును."

అలా సాగింది. వీధంతా రోడ్డు మీదకు వచ్చేసింది. అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లు, రికార్డు చేస్తున్నారు. "సహాయ సంచాలకులు గారు ఆఫీసుకు వేళకు రాబడును" అని కూడా వినిపించింది. "రాబడును" వ్యాకరణరీత్యా తప్పు. ఆ ప్రయోగం నేను నేర్పినది కాదు.

చిట్టచివరి ప్రకటన ఇది. "ప్రభుత్వం పక్షాన తెలియజేయడమేమనగా, ఈ కొమ్ము మైకు ఇంతటితో పీకేయబడును."

సన్నిబాబు నిచ్చెన వేసుకుని ఎక్కి, ఆ ఉత్తర్వును తక్షణం అమలుచేశాడు.

మిగతావి కూడా అమలవుతాయని ఎవరూ అనుకోలేదు. కానీ మర్నాడు తెల్లవారేసరికి పారిశుధ్యం వాళ్ళు పారలతో దిగారు. ప్రభుత్వం మైకులో చెప్పేసింది, ఆలస్యమైతే మాట వస్తుందని వాళ్ళ ఇన్‌స్పెక్టరు భయపడ్డాడట. మధ్యాహ్నానికి కాలువ అద్దంలా ఉంది. బస్సు డ్రైవరు వీధి మొగలో బండి ఆపాడు. ఆపకపోతే నూకరత్నమ్మ ఊరుకోదని అతనికి పాత అనుభవం. లైన్‌మన్ వచ్చి దీపాలు మార్చాడు. పంపు మెకానిక్ వచ్చి పైడమ్మ ఇంట్లో కాఫీ కూడా తాగి వెళ్ళాడు. ఉప్మా ఒక్కటే మారలేదు. అది వేరే శాఖ.

టెండరు లేదు, శంకుస్థాపన లేదు, సమీక్షా సమావేశం లేదు. పనులు మాత్రం జరిగిపోయాయి. ఇంతటి అవకతవక మా జిల్లా చరిత్రలో లేదు.

పైగా ఊళ్ళోని మిగతా వీధులవాళ్ళు సన్నిబాబు గుమ్మం ముందు బారులు తీరారు. "అమ్మా, మా వీదికి కూడా ఒక మాటనెయ్యి తల్లీ" అని కిటికీలోంచి వేడుకోసాగారు. నూకరత్నం దర్జాగా పడుకుని, ఒకసారి రెప్ప వేస్తూ ఉంది.

మా సారు జీపులో వచ్చారు. మొహం ఎర్రగా ఉంది. దారి చేసుకుంటూ లోపలికి వెళ్ళి ప్రకటించారు.

"ప్రభుత్వ ఉపకరణాన్ని దుర్వినియోగం చేసినందున, దీన్ని తక్షణం స్వాధీనం చేసుకోవడమైనది."

టోపీ వైపు చెయ్యి చాచారు. నూకరత్నం కళ్ళలోంచి ధైర్యం ఒక్కసారిగా పోయింది. రెండుసార్లు రెప్పలు వేసింది, మళ్ళీ రెండుసార్లు, మళ్ళీ రెండుసార్లు. ఆపకుండా వేస్తూనే ఉంది.

మంచానికీ మా సారుకూ మధ్య సన్నిబాబు వచ్చి నిలబడ్డాడు. చేతిలో పరుపులు కుట్టే దబ్బనం ఉంది.

"బాబూ, మీరు పెద్దోరు. మీమీన నాకేటీ కోపం నేదు. గానీ ఆ టోపీ మీన సెయ్యేసినోడు ఎవుడైనా సరే, ఆడ్ని పరుపులోనెట్టి కుట్టీగల్ను."

అంత పొడుగు మాట అతను జీవితంలో మాట్లాడటం అదే మొదలు. సారు చెయ్యి వెనక్కు తీసుకున్నారు.

ఆ సమయంలో కలెక్టరు కారు వచ్చి ఆగింది. రాజ్యశ్రీ గారు దిగి, ముందు కాలువను పరికించారు, తర్వాత జనాన్ని, ఆ తర్వాత మంచాన్ని. లోపలికి వచ్చి మా సారును నెమ్మదిగా అడిగారు.

"కులశేఖర్ గారూ, ఈవిడ చెప్పిన మాటలు ఎవరివి?"

"ఉత్తర్వుల మేరకు ప్రభుత్వానివండి."

"అంటే ఈ పనులన్నీ మనమే మంజూరు చేశాం?"

"మంజూరు చేయలేదండి."

"మన మాట ప్రకారం జరిగాయి గాని మనం మంజూరు చేయలేదు. అవునా? ఇప్పుడు బయట నిలబడ్డవాళ్ళకి కూడా కాలువలు తవ్వాలి, మనం మాటిచ్చిన ప్రభుత్వం కాబట్టి. లేదా ఈ వీధికి మాత్రమే ఎందుకు తవ్వామో జవాబు చెప్పాలి. ఎవరు చెప్తారు? మీరా, నేనా?"

సారు నసిగారు. "ఆ మాటలు ప్రభుత్వానివి కావని తెలియజేస్తే..."

"అయితే ఎవరివి?"

మా సారు మంచం వైపు చూశారు. ఆమెను అంత సూటిగా ఆయన ఎన్నడూ చూడలేదనుకుంటాను.

"ఆవిడవేనండి" అన్నారు.

"ఎప్పటి నుంచి?"

"మొదటి నుంచీ... ఆవిడవేనండి."

"అదే ఉత్తర్వుగా వెయ్యండి. ఇప్పుడే. ఇక్కడే" అన్నారు కలెక్టరు గారు. ఆవిడకు దయ కలిగిందని నేను చెప్పలేను. ఊళ్ళో కాలువలెన్నో ఆవిడకు బాగా తెలుసు.

నేను అరుగు మీద కూర్చుని టైపు చేశాను. "శ్రీమతి పెంటకోట నూకరత్నం గారి మాటలకు, వాటి మంచిచెడ్డలకు, వాటి భాషకు ప్రభుత్వానికి ఎట్టి సంబంధమూ లేదని, ఉండబోదని ఇందుమూలముగా తెలియజేయడమైనది." సారు సంతకం పెట్టారు. కలెక్టరు గారు ఆ కాగితాన్ని జనానికి చదివి వినిపించారు. మిగతా వీధులవాళ్ళు ఉసూరుమంటూ వెళ్ళిపోయారు. పాపం, వాళ్ళ కాలువలు వాళ్ళకే మిగిలాయి.

కబురందుకున్న మృదుల మర్నాటి బస్సుకు వచ్చింది. తాళం తీసేసింది. "ప్రభుత్వం పక్షాన" అన్నదాన్ని యంత్రంలోంచి చెరిపేసింది. మా సారు కూడా వచ్చారు, ఫొటోగ్రాఫరుతో. విభాగం విజయగాథల పుస్తకానికి ఒక పేజీ ఖాళీగా ఉందట. లబ్ధిదారు స్వేచ్ఛగా పలికే తొలి పలుకులు అందులోకి కావాలి. అవి కృతజ్ఞతా పూర్వకంగా ఉంటే మంచిదని, ఉండాలని బలవంతం ఏమీ లేదని సారు ఆమెకు నచ్చజెప్పారు.

గది నిండా జనం. ఫోన్లన్నీ గాల్లోకి లేచాయి. సన్నిబాబు ఒక మూల గోడకు ఆనుకుని, గోళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాడు. తెర మీద అక్షరాలు మెరిశాయి, ఆరాయి. ఆమె తొందరపడలేదు. చాలాసేపటికి యంత్రం పలికింది.

"అందరూ బైటికెల్లండి. తలుపు సేరేసీండి. సన్నిబావ ఉండాల."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. ముందుగా మృదులకు అర్థమైంది. ఆమె ఫొటోగ్రాఫరును భుజం పట్టి బయటికి నడిపించింది. అందరం ఒకరి వెనుక ఒకరం వచ్చేశాం. పైడమ్మ తలుపు దగ్గరగా వేసింది.

లోపల యంత్రం ఏదో అంటోంది. ఆగుతోంది, మళ్ళీ అంటోంది. అక్షరం తర్వాత అక్షరం కూర్చుకోవాలి కాబట్టి మధ్యలో చాలాసేపు ఏమీ వినపడదు. అలా ఒకసారి అంతా నిశ్శబ్దమైపోయాక, సన్నిబాబు పెద్దగా, ఇంటి కప్పు ఎగిరిపోయేలా నవ్వాడు. ఆ తర్వాత కొంతసేపు ముక్కు చీదుకున్న చప్పుడు.

"ఏమంటోందయ్యా?" అని అడిగారు మా సారు నన్ను.

"తెలీదండి."

"నీ కంప్యూటరులోకి రావడం లేదూ?"

"లేదండి. ఇక రాదండి."

సారు అటూ ఇటూ చూసి, మెల్లగా తలుపు దగ్గరకు వెళ్ళి, చెవి ఆనించబోయారు. పైడమ్మ అడ్డంగా చెయ్యి పెట్టింది.

"ఆలుమగల మాటలు బాబూ, మీకేటి పని? ఎల్లండి, జీపు కాసుకున్నాది."

ఆయన జీపెక్కారు. నేను కంప్యూటరు కట్టేసి, బల్లా కుర్చీ అరుగు మీద నుంచి దించాను.